ఆయన పాటను ఆయనకే తీసుకువెళ్ళవద్దు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన మూడు కంట్రీ పాటలూ చదివాను, రికార్డింగులూ విన్నాను. గొంతు బాగుంది. గిటారు మీద వేళ్ళు కుదురుగా ఆడుతున్నాయి. మెచ్చుకోలు ఇంతటితో సరిపెట్టి, నాకు కోపం తెప్పించిన సంగతికి వస్తాను.

నీ అభిమాన రచయితతో కూర్చుని పాట రాసే అవకాశం వచ్చిందని రాశావు. చిన్నప్పటి నుంచి ఎవరి పాటలు వింటూ పెరిగావో ఆయన ఇంటికే వచ్చే నెల వెళ్ళబోతున్నావు. చాలా సంతోషం. అందుకు సిద్ధం కావడానికే ఈ మూడు పాటలూ రాశానన్నావు. 'అచ్చం ఆయన రాసినట్టే ఉండాలని ఏడాదంతా కష్టపడ్డాను' అన్న నీ వాక్యం దగ్గర నేను ఉత్తరం బల్ల మీద పడేసి లేచిపోయాను. మళ్ళీ చేతిలోకి తీసుకునేసరికి సాయంత్రమైంది.

నీ పాటల నిండా ఏముంది? విస్కీ, కంకర దారి, తుప్పు పట్టిన పికప్ ట్రక్కు, అర్ధరాత్రి గూడ్సు రైలు కూత, తాతగారి ట్రాక్టరు. మీ తాతగారిది తెనాలి దగ్గర పల్లె అనీ, సొంత పొలం లేదనీ, బడిపంతులుగా బతికారనీ నువ్వే రాశావు. ఇంట్లో మద్యం ముట్టినవాళ్ళే లేరనీ రాశావు. మరి ఆ విస్కీ ఎవరు తాగారమ్మా? ఆ ట్రాక్టరు ఎవరు దున్నారు? అదంతా ఆయన పాటల్లోంచి ఎత్తుకొచ్చిన సామాను. తన సామానును తనకే చూపించి, బాగుందా అని అడగడానికి ఒక మనిషి ఇంటికి వెళ్ళడమేమిటి?

అదే ఉత్తరం మూడో పేజీలో 'పాటలతో సంబంధం లేని సంగతి ఒకటి' అంటూ మీ నాన్నగారి గురించి నాలుగు వాక్యాలు రాశావు. టెనెసీలోని మర్‌ఫ్రీస్‌బరోలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, వేసవి సెలవుల్లో ఆయన ఒక్కోసారి నిన్నూ వెంట తీసుకువెళ్ళేవారు. ఆఫీసు ముందు కారు ఆపి, అద్దాలు పైకెత్తి, లోపలివాళ్ళు తన పేరును ఎలా పలుకుతారో అలాగే రెండు మూడుసార్లు పలికి చూసుకుని, ఆ తర్వాతే తలుపు తీసేవారు. వెనక సీట్లో కూర్చున్న నీకు అదొక ఆటలా అనిపించేది. ఇంతే రాసి, ఆ వెంటనే ఏ రకం తీగలు వాడితే మంచిదని అడిగావు.

తల్లీ, పాట అక్కడ ఉంది. ఎత్తిన అద్దాల వెనక, ఎవరూ వినకుండా తన పేరును తానే తప్పుగా పలకడం సాధన చేస్తున్న మనిషి. వెనక సీట్లో నవ్వుతున్న పిల్ల. దీన్ని పాటలతో సంబంధం లేని సంగతి అన్నావు చూడు, నా కోపమంతా అందుకే.

మన ఇళ్ళలో ఏకలవ్యుడి కథ చిన్నప్పుడే నూరిపోస్తారు. బొమ్మ ముందు నిలబడి నేర్చుకున్నన్నాళ్ళూ అతడు ఎవరికీ తీసిపోని విలుకాడు. గురువు ఎదుటికి వచ్చి అడగగానే బొటనవేలు కోసి ఇచ్చాడు. నిన్నెవరూ అడగనే లేదు. అడగకముందే నీ వేలు నువ్వు కోసుకుని, పళ్ళెంలో పెట్టుకుని వెళుతున్నావు.

నా నమ్మకం ఇది, నలభై ఏళ్ళుగా ఈ కంట్రీ పాటల ఊరు నాష్‌విల్‌లో ఉంటూ గట్టిపడిన నమ్మకం: గొప్ప రచయితతో కలిసి రాసేటప్పుడు ఆయన దగ్గర లేనిది మాత్రమే ఆయనకు కావాలి. ఆయన దగ్గర లేనిది నీ జీవితం ఒక్కటే. పదాల పొందిక ఆయనకు వచ్చు. ప్రాసలు నీకంటే వేగంగా దొరుకుతాయి. ఏ మాట ఏ స్వరం మీద పడితే గుండెకు తగులుతుందో ఆయన చేతులకే తెలుసు. మీ నాన్నగారి కారు ఒక్కటే తెలియదు.

కంట్రీ పాటల రచయిత గై క్లార్క్ సంగతి చూడు. 1941లో టెక్సాస్‌లోని మోనహాన్స్‌లో పుట్టిన ఆయన 1971లో నాష్‌విల్ వచ్చి, 2016లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఇంటి కింది గదిలో ఆయన పనిచోటు. అక్కడే చేత్తో గిటార్లు తయారుచేసేవారు, అక్కడే పాటలు రాసేవారు. ఉలి, చిత్రిక, జిగురు, చెక్కపొట్టు ఒక పక్క. గళ్ళ కాగితం, పెన్సిలు మరో పక్క. తొలిరోజుల్లో ఎక్కువగా ఒంటరిగా రాసుకున్న మనిషి, వయసు మళ్ళాక దాదాపు ప్రతి పాటనూ ఎవరో ఒకరితో కలిసి రాశారు. వాళ్ళలో చాలామంది ఆయనకంటే బాగా చిన్నవాళ్ళు. వాళ్ళు ఆయన పాటలను అనుకరించి చూపిస్తే ఆయన పొంగిపోయేవారని అనుకుంటున్నావా?

ఆష్లీ మన్‌రో అనే గాయని ఉంది. టెనెసీలోని నాక్స్‌విల్‌లో 1986లో పుట్టింది. పదమూడేళ్ళకే తండ్రి పోయాడు. తల్లితో కలిసి నాష్‌విల్ చేరినప్పుడు ఇంకా చిన్న వయసు. ఆమె జాన్ రాండల్ అనే మరో రచయితతో కలిసి క్లార్క్ దగ్గరికి పాట రాయడానికి వెళ్ళింది. అక్కడ తన కథ చెప్పుకుంది. తండ్రి పోవడం, ఇల్లు చెదిరిపోవడం, ఆ తర్వాత తను చేసిన పనులు, అన్నీ. ఇంత జరిగినా గులాబీలా బయటపడ్డానన్న భావం ఆ కబుర్లలోంచే వచ్చింది, అదే పల్లవి అయింది. 2013లో వచ్చిన ఆమె ఆల్బమ్‌కు పేరూ అదే, మొదటి పాటా అదే. ఆ గదికి ఆమె తీసుకువెళ్ళినది తన బాల్యాన్ని. మిగతా పనికి అక్కడ మంచి పనివాళ్ళు ఉన్నారు.

క్లార్క్ జీవితంలోనే దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటి ఉంది. గోర్డీ శాంప్సన్ అని కెనడా రచయిత, కేప్ బ్రెటన్‌వాడు. పాటకు పనికివచ్చే మాటలు కొన్ని రాసుకుని క్లార్క్ దగ్గరికి వెళ్ళాడు. 'నీ చిత్రాలలో నాకు బాగా నచ్చినది' అన్న అర్థం వచ్చే మాట ఒకటి అందులో ఉంది. క్లార్క్ పనిగది గోడ మీద ఆయన భార్య సుజానా పోలరాయిడ్ ఫోటో ఉండేది. 1970లలో తీసినది. భర్త, ఆయన స్నేహితుడు టౌన్స్ వాన్ జాంట్ తాగి తూలుతుంటే విసిగిపోయి, చేతులు కట్టుకుని, ఇంట్లోంచి బయటికి వచ్చేసిన క్షణం. ముఖం నిండా కోపం. భార్య నవ్వుతున్న ఫోటోలు ఇంట్లో ఎన్ని ఉన్నా ఆయనకు నచ్చినది అదే. ఆ ఫోటో పాట అయింది. సుజానా 2012లో పోయారు. ఆ మరుసటి ఏడు వచ్చిన ఆల్బమ్ అట్ట మీద క్లార్క్ ఆ ఫోటోను చేతిలో పట్టుకుని ఉంటారు. ఆ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. నేను చెప్పదలచినది బహుమతి గురించి కాదు. వచ్చినవాడు ఒక మాట తెచ్చాడు. ఇంటివాడు తన గోడ వైపు చూశాడు. ఎవరిది వాళ్ళు తెచ్చుకున్నారు కాబట్టే అది ఇద్దరి పాట అయింది.

అదే క్లార్క్ తండ్రి కత్తి మీద రాసిన పాట నువ్వు వినే ఉంటావు. పిల్లవాడిగా స్కౌట్ల శిబిరానికి పట్టుకెళ్ళి, చెట్టుకు గుచ్చబోయి మొన అర అంగుళం విరగ్గొట్టాడు. తండ్రి పల్లెత్తు మాట అనకుండా సొరుగులో పెట్టేశాడు. 'నాన్నా, నువ్వంటే నాకు ప్రేమ' అని అందులో ఎక్కడైనా ఉందా? అర అంగుళం ఉంది, సొరుగు ఉంది. నీ మొదటి పాట రెండో చరణంలో 'హృదయం', 'శాశ్వతం', 'స్వేచ్ఛ' మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. కొట్టెయ్యి.

ఇప్పుడు నా సంగతి కొంత చెబుతాను. 1980ల నడుమ ఈ ఊరు వచ్చాం. మా ఆయనకు ఆసుపత్రిలో ఉద్యోగం, నాకు ఒక బీమా కంపెనీలో లెక్కల పని. పగలు అంకెలు, రాత్రి రచయితల సభలు. హిల్స్‌బరో రోడ్డు మీద దుకాణాల వరుసలో ఉండే బ్లూబర్డ్ కెఫే అప్పటికి కొత్త. 1982లో తెరిచారు. తొంభై మంది పడితే గొప్ప. నలుగురు రచయితలు వేదిక ఎక్కకుండా గది మధ్యలో ఒకరికొకరు ఎదురుగా కూర్చుని పాడే పద్ధతి 1985లో అక్కడే మొదలైంది. వాళ్ళ మోకాళ్ళకు నా బల్ల తగిలేంత దగ్గరగా కూర్చుని వినేదాన్ని. మాట్లాడితే పక్కవాళ్ళు ఊరుకోమనేవారు. ఆ నిశ్శబ్దంలో నేర్చుకున్నంత నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు.

క్యాసెట్లు పట్టుకుని, పాటల కంపెనీలు ఉండే మ్యూజిక్ రోలో, పాటలను గాయకుల దాకా చేర్చే పబ్లిషర్ల గడపలన్నీ తొక్కాను. పదహారు, పదిహేడో అవెన్యూల మీద పాత ఇళ్ళనే ఆఫీసులుగా మార్చుకుని ఉండేవారు. చాలా వాటిని ఇప్పుడు కూలగొట్టి అపార్టుమెంట్లు కట్టేశారు. అది తలచుకుంటే కడుపు మండుతుంది. ఒకాయన నా పాట మొదటి చరణం అయ్యీ కాకముందే క్యాసెట్ ఆపి, పాట కంటే ముందు పేరు మార్చుకోమన్నాడు. డబ్బా మీద నా పేరు చూస్తే ఎవరూ టేపు పెట్టరట. నేను మార్చుకోలేదు. మరొకాయన పల్లవిలో బీరు పెడితే ఆలోచిస్తానన్నాడు. పెట్టలేదు. ఇంకొకాయనకు పాట నచ్చింది గాని, 'ఈ అమ్మాయి ఎక్కడి అమ్మాయో తెలియకుండా చెయ్యండి' అన్నాడు. ఎక్కడి అమ్మాయో తెలియని పాట ఎందుకమ్మా ఎవరికైనా?

తెలుగు పత్రికలవాళ్ళూ తక్కువ తినలేదు. కంట్రీ పాటల రచన మీద నేను పంపిన వ్యాసాన్ని ఒక సంపాదకుడు 'మన పాఠకులకు ఈ గుర్రాలవాళ్ళ సంగీతంతో పనేమిటి' అని తిప్పి పంపాడు. మరొకరు వేసుకున్నారు గాని, పాటలు ఎలా కట్టారో చెప్పిన భాగమంతా కోసేసి గాయకుల పెళ్ళిళ్ళు, విడాకులు మాత్రం ఉంచారు. జీవితంలో సగం విడాకుల మీదే నడిచిన సంగీతం ఇది, కాదనను. కానీ ఆ విడాకులను మూడు నిమిషాల్లో ఎలా చెప్పారన్నదే అసలు విద్య.

సరే, నా అభిమాన రచయిత సంగతి. ఆయన పేరు రాయను. మా ఇద్దరికీ తెలిసిన ఒక గిటారు వాద్యకారుడి చలవతో ఒక ఉదయం ఆయన ఇంటి వెనక షెడ్డులో కూర్చున్నాను. మా నాన్న రాజమండ్రి నుంచి రాసే ఏరోగ్రాముల గురించి పాట మొదలుపెట్టాం. ఆ నీలం కాగితం నీకు తెలియకపోవచ్చు. ఉత్తరమూ కవరూ ఒకటే. లోపలి పేజీలు నిండిపోయాక నాన్న అంచుల్లో రాసేవారు, అంచులూ అయిపోతే అంటించే మడత మీద రాసేవారు. తొందరపడి చింపితే చివరి వాక్యం రెండు ముక్కలయ్యేది. నేను టీ గిన్నె ఆవిరి పట్టి విప్పేదాన్ని.

రెండో చరణంలో ఆయన ఒక పంక్తి చెప్పారు. నాన్న రాత్రిపూట సీసా పక్కన పెట్టుకుని ఉత్తరం రాస్తున్నట్టు. ప్రాస అద్భుతంగా కుదిరింది. స్వరం మీద చక్కగా పడింది. నేను కాదన్నాను. మా నాన్న తాగరు, రాత్రిపూట రాయరు, పోస్టాఫీసులోనే నిలబడి రాస్తారు, ఎందుకంటే ఒకసారికి ఒక ఏరోగ్రామే కొంటారు అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పెన్సిలు చెక్కుకున్నారు. గది వదిలి పొమ్మంటారేమో అనుకున్నాను. 'అక్కడ జిగురు ఎందులో ఉంటుంది?' అని అడిగారు. డబ్బాలో అన్నాను. 'బ్రష్షుతో తీస్తారా, పుల్లతోనా?' పుల్లతో. 'ఆ పుల్ల శుభ్రంగా ఉంటుందా?' ఉండదు, ఎండిన జిగురు ఉండలు కట్టి ఉంటుంది, నాన్న జిగురు వేలితోనే పూసేవారు, ఇంటికి వచ్చాక కూడా వేలికి జిగురు పొర ఉండేది అన్నాను. సీసా పంక్తిని ఆయనే కొట్టేశారు. ఆ వేలు మీదే చరణం మొత్తం నడిచింది.

ఆ పాటను ఒక పెద్ద గాయని హోల్డ్‌లో పెట్టుకుంది. హోల్డ్ అంటే నీకు తెలుసు కదా, వేరే ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచమనడం. నెలల తరబడి ఆశ పెట్టి చివరికి వదిలేసింది. ఇప్పటికీ ఎవరూ రికార్డు చేయలేదు. అయినా నేను రాసినవాటిలో దాన్ని మించినది లేదు. ఆ రోజు సీసాకు ఒప్పుకుని ఉంటే రికార్డయ్యేదేమోనని కొందరు అన్నారు. కావచ్చు. మా నాన్న చేతికి సీసా ఇచ్చి తెచ్చుకునే పేరు నాకు వద్దు.

అభిమాన రచయిత ముందు కాదనాలంటే నోరు పెగలదు, నిజమే. కానీ అవతలివాళ్ళకు కావలసింది ఆ మాటే. బాబీ బ్రాడాక్ అనే రచయిత, విడాకులన్న ఇంగ్లీషు మాటను అక్షరాలుగా విడదీసిన 'డి-ఐ-వి-ఓ-ఆర్-సి-ఇ' పాట రాసుకుని ఎవరూ తీసుకోక తిప్పలు పడుతున్నప్పుడు కర్లీ పుట్మన్‌ను లోపమేమిటని అడిగాడు. పుట్మన్ పెద్ద పేరున్నవాడు, 'గ్రీన్ గ్రీన్ గ్రాస్ ఆఫ్ హోమ్' రాసినవాడు. మాట విషాదంగా ఉంది, ఆ మాట దగ్గర బాణీ హుషారుగా ఉంది అన్నాడు. ఆ ఒక్క చోట బాణీ మార్చాడు. 1968లో గాయని టామీ వైనెట్ పాడితే దేశమంతా పాకిపోయింది. ఆ ఇద్దరే తర్వాత జార్జ్ జోన్స్ పాడిన 'హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' రాశారు. నిర్మాత బిల్లీ షెరిల్ అది సరిపోలేదని మళ్ళీ మళ్ళీ తిరగరాయించాడు. 1980లో వచ్చింది. ఇక దాని గురించి చెప్పేదేముంది. ఆ పాట వెనక ఎంతమంది ఎన్నిసార్లు కాదన్నారో లెక్కపెట్టుకో.

పాట మీద వచ్చే డబ్బులో వాటాల గురించి అడిగావు. ఎవరు ఎన్ని పంక్తులు రాశారో ఈ ఊళ్ళో లెక్క కట్టరు. గదిలో ఇద్దరుంటే సగం సగం, ముగ్గురుంటే మూడో వంతు. నువ్వు ఒక్క మాటే ఇచ్చినా అంతే, ఆయన మొత్తం రాసినా అంతే. అది మంచి ఆచారం, దాని మీద బేరమాడవద్దు. రచయిత్రి సిండీ వాకర్‌కు గాయకుడు ఎడ్డీ ఆర్నాల్డ్ ఇచ్చింది ఒక శీర్షిక, ఒక ఊహ. 'యూ డోంట్ నో మీ' మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 'మీ అండ్ బాబీ మెగీ'కి నిర్మాత ఫ్రెడ్ ఫాస్టర్ ఇచ్చింది పేరు, ఆ పేరును కూడా పాట రాసిన క్రిస్ క్రిస్టాఫర్సన్ పొరపాటుగా విన్నాడు. అసలు పేరు మెకీ. అయినా పాట మీద ఫాస్టర్ పేరు ఉంది. మనకు ఇదేమీ కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయాక కూడా చెళ్ళపిళ్ళ వారు జంట పేరుతోనే పద్యాలు వెలువరించారు. 

డబ్బు గురించి మాత్రం కలలు కనవద్దు. 2006 నుంచి 2022 దాకా అమ్ముడైన ప్రతి కాపీకి పాటకు వచ్చినది 9.1 సెంట్లు. ఆనవాయితీగా అందులో సగం పబ్లిషర్‌కు పోతుంది. మిగిలినది ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి సెంటున్నర. ఆ తర్వాత రేటు పన్నెండు సెంట్లు దాటింది గాని, కాపీలు కొనేవాళ్ళే కరువయ్యారు. రేడియోలో మోగితేనే రచయితకు నాలుగు డబ్బులు. ఉద్యోగం మానుకోవద్దు.

ఇప్పటి ఫ్యాషన్ ఒకటి ఉంది, దాని జోలికి వెళ్ళకు. కంప్యూటర్లో డోలు, బేస్ ముందే కట్టి పెట్టుకున్న కుర్రవాడు ఒకడు, మాటలకు ఇద్దరు, గాయకుడు ఒకడు. పొద్దున పదకొండుకు మొదలుపెట్టి మూడింటికల్లా పాట, మళ్ళీ సాయంత్రం ఇంకొకటి. మంచి పాట అలా పుట్టదని నేను అనను, అప్పుడప్పుడు పుడుతుంది. కానీ పదేళ్ళ కిందట రేడియో నిండా ట్రక్కు వెనక తలుపు, చెరువు గట్టు, పొట్టి లాగు వేసుకున్న పిల్ల, ఇవి తప్ప మరొకటి వినపడని కాలం వచ్చింది చూడు, అది ఆ గదుల్లోంచే వచ్చింది. ఎవరి బతుకూ లేని గదిలో నలుగురు కూర్చుంటే నలుగురికీ తెలిసిన సరుకే బయటికి వస్తుంది. నీ మూడు పాటల్లో రెండు ఆ సరుకే. ఎంత శుభ్రంగా రాసినా సరే.

'నా ముఖం చూసి, ఈమెకు కంట్రీ పాటలతో పనేమిటి అనుకుంటారా?' అని అడిగావు. కొందరు అనుకుంటారు. ఈ ఊరి రేడియో కచేరీ గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలినాళ్ళ తారల్లో ఒకరైన డీఫోర్డ్ బెయిలీ నల్లజాతి హార్మోనికా విద్వాంసుడు. 1941లో ఆయన్ను తీసేశారు. నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను ఫోటో లేకుండా రేడియోలకు పంపారు. ఆలిస్ రాండల్ అనే నల్లజాతి రచయిత్రి మట్రేసా బర్గ్‌తో కలిసి రాసిన పాటను గాయని త్రీషా యర్‌వుడ్ పాడగా 1994లో కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఒక నల్లజాతి మహిళ కలం పెట్టిన కంట్రీ పాట ఆ స్థానానికి చేరడం అరుదు. ఆ పాట దేని గురించో తెలుసా? ఇల్లు, సంపాదన, పిల్లలు అన్నీ ఒంటి చేత్తో నెట్టుకొచ్చే ఒక అమెరికన్ ఆడపిల్ల గురించి. ఆవిడ ఎవరి ట్రాక్టరూ అరువు తెచ్చుకోలేదు.

కాబట్టి ఈ మూడు పాటలూ ఇంట్లోనే వదిలెయ్యి. ఆయన అడిగినా పాడకు. మీ నాన్నగారి కారు గురించి గుర్తున్నదంతా గిటారు లేకుండా, ప్రాస లేకుండా, తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకో. కారు రంగు, సీటు మీది గుడ్డ, ఎండాకాలం అద్దాలు ఎత్తితే లోపల ఎంత ఉక్కగా ఉండేదో, ఆయన అద్దంలో చూసుకునేవారా లేదా, లోపలికి వెళ్ళాక నిన్ను ఎక్కడ కూర్చోబెట్టేవారు. పేరు ఒక్కొక్కసారి ఒక్కొక్కలా పలికేవారా అన్నది ముఖ్యం, అది గుర్తు తెచ్చుకో. తెలియనివి కల్పించకు. వెళ్ళి మీ నాన్నగారినే అడుగు. ఆయనకు చెప్పడానికి కష్టంగా ఉంటే మీ అమ్మను అడుగు.

ఆ రోజు ఆయన రాసిన పాటలన్నీ నీకు కంఠస్థమని చెప్పవద్దు. చెబితే ఆయన మర్యాదగా నవ్వుతారు, ఆ తర్వాత గంటసేపు నువ్వు అభిమానివే, రచయిత్రివి కావు. ఆయన గొప్ప పంక్తి చెప్పి అది మీ నాన్నగారికి అతకకపోతే, అతకలేదని చెప్పు. కారణం కూడా చెప్పు. మధ్యలో మాటలు ఆగిపోతే ఆగిపోనివ్వు, నింపాలని చూడకు. ఫోనులో రికార్డు చేసుకోవాలంటే ముందే అడుగు. కాగితం మీద తేదీ, ఇద్దరి పేర్లు రాసుకో. పాట పూర్తికాకపోతే మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో అక్కడే అడిగి బయలుదేరు, ఇంటికి వచ్చాక సందేశాలు పంపి వేధించకు.

నన్ను మేడమ్ అని రాశావు. ఇకమీదట అత్తయ్యా అని రాయి, చాలు. పదకొండు గంటలకు రమ్మన్నారంటే పదకొండుకే గుమ్మం ముందు ఉండాలి. మర్‌ఫ్రీస్‌బరో నుంచి ఐ-24 రహదారి మీద పొద్దున పూట వాహనాల రద్దీ నీకు తెలియనిది కాదు, తొమ్మిదిలోపే బయలుదేరు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య